లేజర్ కట్టర్ నేర్చుకోవడం: మెషీన్ ముందు ఒక పూట, ఫైలు ముందు కొన్ని నెలలు

క్లుప్తంగా

చెక్క, యాక్రిలిక్ ప్లాస్టిక్ వంటి షీట్లను కాంతి వేడితో కోసే లేజర్ కట్టర్‌ను నడపడం ఒక పూటలో వచ్చే పని. గీతను కోతకు పనికొచ్చేలా సిద్ధం చేయడానికి, షీటు తీరు తెలుసుకోవడానికి నెలలు పడుతుంది. తెలుగు, ఒడియా బోర్డులు పక్కపక్కన ఉండే ఒడిశా సరిహద్దు ఊళ్లలో ఈ చిక్కు ఇంకొంచెం ఎక్కువ. అంచు వెంట కోసిన తెలుగు అక్షరం తరచూ ఒకే ముక్కగా మిగలదు. అందువల్ల మెషీన్ కొనడం కంటే ముందు ఫైలు చేయడం నేర్చుకున్నవారికే ఖర్చు తగ్గుతుంది.

రెండు విద్యలు, ఒకే పేరు

బల్ల మీద పట్టేంత మెషీన్, దాని పక్కన చెక్క మీద చెక్కిన దేవుడి బొమ్మ, కింద ‘ఇంట్లోనే వ్యాపారం’ అన్న మాట. ఇలాంటి ప్రకటనలు ఇప్పుడు ఎవరి ఫోనులోనైనా కనిపిస్తున్నాయి. ఒడిశాలోని గజపతి, రాయగడ, గంజాం జిల్లాల్లో ఫ్లెక్సీ షాపు నడిపే తెలుగువారికి, పెళ్లి కార్డుల పనిలో ఉన్నవారికి, ఐటీఐ ముగించిన కుర్రవాళ్లకు వీటిని చూడగానే వచ్చే సందేహాలు ఇంచుమించు ఒకటే. ఎన్నాళ్లలో వస్తుంది, ఏ మెషీన్ కొనాలి, దాంతో ఏమేం కోయవచ్చు అన్నవే అవి. జవాబులకు మాత్రం ఒకదానితో ఒకటి పొంతన ఉండదు. రెండు రోజుల్లో వచ్చేస్తుందనేవారూ ఉంటారు, రెండేళ్లయినా చేయి తిరగలేదనేవారూ ఉంటారు. ఇద్దరి మాటా నిజమే కావచ్చు. ఒకరు మెషీన్ నడపడం గురించి, మరొకరు దానికి పని సిద్ధం చేయడం గురించి చెబుతున్నారు.

మెషీన్ నడపడంలో ఉన్నది తక్కువే. షీటు పెట్టాలి, లెన్స్ ఎత్తు సరిచూడాలి, పొగ లాగే ఫ్యాను, గాలి పంపు వేయాలి, ఫైలు పంపాలి, పని ముగిసేదాకా పక్కనే నిలబడాలి. ఫైలు తప్పయితే మెషీన్ ఆ తప్పును నూటికి నూరుపాళ్లూ నమ్మకంగా కోసి చేతికిస్తుంది. వడ్రంగి చేతికి గీత వంకరగా ఇస్తే అతడు ఆగి అడుగుతాడు, మెషీన్ అడగదు.

కాంతి కోసే తీరు

లేజర్‌కు మూలమైన సూత్రాన్ని ఐన్‌స్టీన్ 1917లో చెప్పగా, మొదటి లేజర్‌ను 1960లో అమెరికాలో థియోడర్ మైమన్ కెంపు కడ్డీతో వెలిగించాడు. చెక్క, యాక్రిలిక్ కోతకు నేటికీ ఎక్కువగా వాడే కార్బన్ డయాక్సైడ్ లేజర్ 1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో తయారైంది. దాన్ని కనిపెట్టిన కుమార్ పటేల్ మహారాష్ట్రలోని బారామతిలో పుట్టినవాడు. అదే పుణె జిల్లాలోని పాబళ్ అనే పల్లెలో, విజ్ఞాన్ ఆశ్రమంలో, 2002లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం తోడ్పాటుతో ఫ్యాబ్ ల్యాబ్, అంటే ఇలాంటి యంత్రాలుండే పనిశాల, మొదలైంది. రెండూ ఒకే జిల్లావి కావడం కాకతాళీయమే. పల్లె విద్యార్థికి కంప్యూటర్‌తో నడిచే తయారీ యంత్రాలు అందించాలన్న ప్రయత్నం మాత్రం మన దేశంలో నిన్నమొన్నటిది కాదు.

కార్బన్ డయాక్సైడ్ లేజర్ కాంతి తరంగదైర్ఘ్యం 10.6 మైక్రోమీటర్లు. అది కంటికి కనిపించదు. గాజు ట్యూబులోంచి వచ్చిన కిరణాన్ని మూడు అద్దాలు మళ్లిస్తే, చివర్లో ఉన్న లెన్స్ దాన్ని సుమారు 0.1 మి.మీ. చుక్కగా కుదిస్తుంది. చిన్నప్పుడు భూతద్దంతో ఎండను ఒకచోటికి చేర్చి కాగితం కాల్చడం లాంటిదే ఇదీ. చుక్క ఎంత చిన్నదైతే వేడి అంతగా ఒకేచోట పేరుకుంటుంది. అందుకే లెన్స్‌కూ షీటుకూ మధ్య దూరం ఒకటి రెండు మి.మీ. తేడా వచ్చినా కోత వెడల్పయి అంచు నల్లబడుతుంది. ఫోకస్ సరిచూడకుండా పవర్ పెంచుకుంటూ పోవడం కొత్తవారు చేసే మొదటి పొరపాటు.

పవర్, వేగం కలిసి పనిచేస్తాయి. 40 వాట్లతో సెకనుకు 10 మి.మీ. నడిస్తే ప్రతి మి.మీ.కు 4 జౌల్స్ శక్తి అందుతుంది. 20 వాట్లతో సెకనుకు 5 మి.మీ. నడిచినా లెక్క అంతే వస్తుంది. అయినా రెండు కోతలూ ఒకేలా ఉండవు. మెల్లగా నడిచినప్పుడు వేడి పక్కలకు పాకడానికి వ్యవధి దొరుకుతుంది కాబట్టి చెక్క అంచు ఎక్కువగా మాడుతుంది. ఈ కారణంగానే ఇంటర్నెట్‌లో దొరికే సెట్టింగుల పట్టికలు దారి చూపుతాయే తప్ప జవాబు చెప్పవు. కొత్త షీటు వచ్చిన ప్రతిసారీ మూలలో చిన్న గళ్లు వేసి, అడ్డంగా వేగాన్ని, నిలువుగా పవర్‌ను మారుస్తూ పరీక్షించుకోవడమే పద్ధతి.

వాట్ల పేరిట గందరగోళం

బల్ల మీద పెట్టుకునే చవక మెషీన్లలో చాలావాటిలో ఉండేది డయోడ్ లేజర్. దాని నీలి కాంతి 450 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. ప్రకటనలో పెద్ద అంకెలతో వేసే వాట్లు చాలాసార్లు అది తాగే కరెంటు వాట్లే గానీ బయటికొచ్చే కాంతి వాట్లు కావు. డయోడ్ తీసుకునే విద్యుత్తులో పావు వంతో, కొంచెం ఎక్కువో మాత్రమే కాంతిగా మారుతుంది. పెట్టె మీద 20 అని ఉన్నా పనిచేసేది 5 కావచ్చు. కొనేముందు అడగవలసింది ‘ఆప్టికల్ అవుట్‌పుట్’ ఎంత అని.

వాట్లు సరిపోయినా తరంగదైర్ఘ్యం అడ్డుపడవచ్చు. పారదర్శక యాక్రిలిక్ గుండా నీలి కాంతి కిటికీ అద్దంలోంచి ఎండ వచ్చినట్టు దూసుకుపోతుంది, కోత పడదు. అదే షీటు 10.6 మైక్రోమీటర్ల కాంతిని పూర్తిగా పీల్చుకుని శుభ్రంగా తెగుతుంది. ఇత్తడి, స్టీలు మీద పేర్లు చెక్కడానికి వాడే ఫైబర్ లేజర్ ఇంకో రకం, దాని కాంతి 1064 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. ఒక మెషీన్ మూడు పనులూ చేస్తుందని చెప్పినప్పుడు అనుమానించడానికి ఈ అంకెలు చాలు.

కళ్లజోడు సంగతీ అంతే. కార్బన్ డయాక్సైడ్ లేజర్ కంటి పైపొరను కాలుస్తుంది, నీలి లేజర్ కంటిలోపలికి వెళ్లి రెటీనాను దెబ్బతీస్తుంది. ఒకదానికి పనికొచ్చే అద్దాలు రెండోదానికి రక్షణ ఇవ్వకపోవచ్చు. తరంగదైర్ఘ్యం రాసి లేని రంగు కళ్లజోడు ధైర్యాన్నిస్తుందే గానీ కంటిని కాపాడదు.

‘పర్లాకిమిడి’ అని కోస్తే

లేజర్ మెషీన్ ఫైలులో రెండు రకాల బొమ్మలను చూస్తుంది. ఒకటి వెక్టర్, అంటే గణితంతో నిర్వచించిన గీత. మెషీన్ తల ఆ గీత వెంట నడిచి కోస్తుంది. రెండోది రాస్టర్, అంటే చుక్కలతో నిండిన ఫొటో వంటిది. తల ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకి ఊడ్చుకుంటూ చెక్కుతుంది. వాట్సాప్‌లో వచ్చిన లోగోను అలాగే కోయమని అడిగితే కుదరకపోవడానికి కారణం ఇదే. దాన్ని ముందు గీతలుగా మార్చాలి. దానికి పనికొచ్చే ఇంక్‌స్కేప్ అనే సాఫ్ట్‌వేరు ఉచితంగా దొరుకుతుంది. సైన్‌బోర్డు షాపులవారి చేతికి కోరల్‌డ్రా అలవాటే. మొదలుపెట్టడానికి ఈ రెండింటిలో ఏదైనా సరిపోతుంది.

ఇంగ్లిష్ పాఠాలు చూసి నేర్చుకున్నవారు తడబడేది ఇక్కడే. ఆ పాఠాల్లోని ఉదాహరణలన్నీ రోమన్ అక్షరాలవి. వాటిలో చుక్క ఉన్న రెండు చిన్నక్షరాలు తప్ప మిగిలినవన్నీ ఒక్కొక్కటి ఒకే ముక్క. తెలుగు అలా కాదు. ఒక దుకాణం బోర్డు కోసం ‘పర్లాకిమిడి’ అన్న పేరును 5 మి.మీ. యాక్రిలిక్‌లో కోస్తున్నారనుకుందాం. చాలా ఫాంట్లలో ‘ప’ తలకట్టు కింది భాగానికి తగలకుండా గాలిలో ఉంటుంది, కోయగానే అది వేరే ముక్కై ట్రేలో పడుతుంది. ‘ర్లా’లోని ల వత్తు ‘రా’ కింద విడిగా వేలాడుతుంది కాబట్టి అదీ వేరే ముక్కే. బోర్డు మీద అతికించేటప్పుడు ఆ తలకట్టు ఎంత ఎత్తులో, ఎంత వాలుతో ఉండాలో కంటితో చూసి చెప్పడం కష్టం. కొంచెం జారితే చాలు, చదివేవారికి ఏదో తేడాగా కనిపిస్తుంది. అనుభవమున్నవారు అదే ఫైలుతో ముందుగా ఒక కాగితం అచ్చు కోసుకుని, అందులోని ఖాళీల్లో ముక్కలు కూర్చి అతికిస్తారు.

గోడ మీద రంగు పూయడానికి స్టెన్సిల్ కోస్తే ఇబ్బంది తిరగబడుతుంది. అక్షరం ఖాళీ అవుతుంది, చుట్టూ ఉన్న షీటు మిగలాలి. ‘ర’ కడుపులోని గుండ్రని ముక్క, సున్నా నడిమి భాగం, గుడి మలుపులో చుట్టుకున్న ఖాళీ, ఇవేవీ షీటును పట్టుకుని ఉండవు, రాలిపోతాయి. రాలకుండా ఉండాలంటే సన్నని వంతెనలు గీయాలి. ఎక్కడ గీస్తే అక్షరం అక్షరంలాగే కనిపిస్తుందో ఏ సాఫ్ట్‌వేరూ చెప్పదు. ‘ఠ’లో మధ్య చుక్క కూడా ఉంటుంది కనుక ఆ చుక్కకూ ఆధారం కావాలి.

మూడో చిక్కు పైకి కనిపించదు. కొన్ని ఫాంట్లలో, ముఖ్యంగా డీటీపీ సెంటర్లలో ఏళ్లుగా నడుస్తున్న అను ఫాంట్ల వంటి పాత పద్ధతుల్లో, గుణింతపు గుర్తు, హల్లు వేర్వేరు ఆకారాలుగా ఒకదాని మీద ఒకటి పడతాయి. అచ్చులో రెండూ నలుపే కాబట్టి ఏమీ తెలియదు. లేజర్‌కు మాత్రం అవి రెండు గీతలు. ఒకదాన్ని ఒకటి దాటేచోట అక్షరం మధ్యలోంచి కోత పోతుంది. అక్షరాలను గీతలుగా మార్చాక కోరల్‌లో వెల్డ్, ఇంక్‌స్కేప్‌లో యూనియన్ చేయాలి, అంటే ఆ ఆకారాలను ఒకటిగా కలిపేయాలి. పైగా పాత ఫాంటు ఫైలును ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు పోయి గజిబిజి గుర్తులు కనిపిస్తాయి. గీతలుగా మార్చి పంపితే ఈ బాధ కూడా తప్పుతుంది. మార్చిన తర్వాత అక్షరదోషం దిద్దడం కుదరదు గనుక మార్చకముందు ఫైలును ఒక కాపీ దాచుకోవాలి.

పక్క లిపులతో పోల్చితే విషయం ఇంకా తేటపడుతుంది. మహారాష్ట్ర సరిహద్దున సిరొంచ, ధర్మాబాద్ వైపు మరాఠీకి వాడే దేవనాగరిలో పై గీత పదంలోని అక్షరాలన్నిటినీ తోరణంలా కలిపి పట్టుకుంటుంది, మొత్తం పదం దాదాపు ఒకే ముక్కగా చేతికొస్తుంది. ఒడియాలో చాలా అక్షరాలకు పైన గొడుగులా వంగే భాగం అక్షరంతో కలిసే ఉంటుంది. తెలుగు తలకట్టులా విడిపోదు. అయితే గుండ్రాలు ఎక్కువ కాబట్టి స్టెన్సిల్ కోతలో రాలిపోయేవీ ఎక్కువే. ఒడియా ‘ఠ’ అయితే నిండు వలయం. ఒకే బోర్డు మీద ఒడియా, తెలుగు రెండూ కావాలన్న గిరాకీదారుకు రెండు లిపులకూ ఒకే పద్ధతి నడవదని ముందే చెప్పగలగడం ఈ ప్రాంతపు పనివాడికి ఉండవలసిన తెలివి. దీన్ని బయటి పాఠాలేవీ నేర్పవు.

రంపం తినే మందం

వడ్రంగికి తెలిసిన సంగతే, రంపం తన మందం మేరకు చెక్కను పొట్టుగా తినేస్తుంది. లేజర్ కూడా తింటుంది. ఈ పనిలో దాన్ని కెర్ఫ్ అంటారు. సాధారణంగా అది 0.1 నుంచి 0.3 మి.మీ. దాకా ఉంటుంది. పీలికలు కోసి కొలవడం తేలిక. 100 మి.మీ. పొడవున దీర్ఘచతురస్రం గీసి, దాన్ని పది సమాన ముక్కలుగా కోసి, ముక్కలను ఒకదానికొకటి ఆనించి కొలిస్తే 98.2 మి.మీ. వచ్చిందనుకుందాం. పోయింది 1.8 మి.మీ., ముక్కకు 0.18 మి.మీ.

తాళంచెవి బిళ్లకో, పేరు పలకకో ఈ లెక్క పట్టించుకోనక్కర్లేదు. జిగురు లేకుండా పళ్లు పళ్లలో దిగే పెట్టె చేయాలంటే మాత్రం ఇదే కీలకం. పన్ను 0.18 సన్నబడుతుంది, గాడి 0.18 వెడల్పవుతుంది, కలిపి 0.36 మి.మీ. వదులు. పెట్టె చేతిలో పట్టుకోగానే విడిపోతుంది. దీనికితోడు షాపులో ‘3 మి.మీ. ప్లై’ అని ఇచ్చేది కొలిస్తే 2.7 ఉండవచ్చు, 3.2 ఉండవచ్చు. గాడి వెడల్పు షీటు మందాన్ని బట్టి ఉండాలి కాబట్టి మందం కొలిచే వెర్నియర్ కాలిపర్ లేకుండా ఈ పనిలో దిగడం తూనిక లేకుండా బంగారం కొట్టు తెరవడం వంటిది.

ఇంకో రెండు మాటలు. లోపలి రంధ్రాలు ముందు, బయటి అంచు చివర కోయాలి. అంచు ముందు తెగితే ముక్క కదిలి రంధ్రం పక్కకు పోతుంది. ఒకే గీత ఫైలులో రెండుసార్లు పడి ఉంటే మెషీన్ రెండుసార్లు కోసి అంచును బొగ్గు చేస్తుంది. అలా ఒకదాని మీద ఒకటి పడిన గీత తెరమీద కనిపించదు, పొగ వచ్చినప్పుడు తెలుస్తుంది.

సన్‌బోర్డు దగ్గర ఆగాలి

ఫ్లెక్సీ షాపులో చేతికి అందుబాటులో ఉండే షీటు సన్‌బోర్డు. తేలిక, చవక, తెల్లగా ఉంటుంది, బ్లేడుతో సులువుగా తెగుతుంది. సైన్‌బోర్డు పని నుంచి లేజర్‌కు వచ్చేవారు మొదట కోయాలనుకునేదీ అదే, అసలు కోయకూడనిదీ అదే. ఆ పేరుతో అమ్మేది ఎక్కువగా పీవీసీ ఫోమ్. పీవీసీని లేజర్‌తో కాలిస్తే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. గదిలోని తేమతో కలిసి అది హైడ్రోక్లోరిక్ ఆమ్లంగా మారి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది, మెషీన్‌లోని పట్టాలను, అద్దాలను, సర్క్యూట్ బోర్డును తుప్పు పట్టిస్తుంది. వినైల్ స్టిక్కర్లు, చాలా రకాల రెక్సిన్ కూడా ఇదే కోవలోకి వస్తాయి.

షీటు ఏదో తెలియనప్పుడు రాగి తీగ పరీక్ష ఉంది. తీగను ఎర్రగా కాల్చి, షీటుకు తాకించి, కరిగి అంటిన భాగంతో మళ్లీ మంటలో పెడితే జ్వాల ఆకుపచ్చగా మారినప్పుడు అందులో క్లోరిన్ వంటి హాలోజన్ ఉన్నట్టు. గాలి బాగా ఆడే చోట చిటికెడు ముక్కతో చేయవలసిన పరీక్ష ఇది. పాలీకార్బొనేట్ ప్లాస్టిక్ కోతకు లొంగక పసుపెక్కి మంట పట్టుకుంటుంది. చెక్క పీచును జిగురుతో అదిమి చేసే ఎండీఎఫ్ పలక తెగుతుంది గానీ అందులోని జిగురు వల్ల పొగ ఘాటుగా ఉంటుంది, పొగ పైపు ఇంటి కిటికీ పక్కకు తీయడం మంచిది కాదు. యాక్రిలిక్‌లోనూ తేడాలున్నాయి. అచ్చులో పోసి చేసిన షీటు మీద చెక్కితే తెల్లగా మంచుపట్టినట్టు వస్తుంది, యంత్రంలోంచి లాగి చేసిన షీటు మీద అంత స్పష్టంగా రాదు.

మంట ప్రమాదం అన్నిటికంటే పెద్దది. టీకి వెళ్లి వచ్చేలోగా కోత పూర్తవుతుందనుకునే పని కాదిది.

ఎండ, వాన, కరెంటు

గాజు ట్యూబు చల్లని నీళ్లు ప్రవహిస్తేనే పనిచేస్తుంది. నీళ్లు సుమారు 15 నుంచి 25 డిగ్రీల మధ్య ఉండడం మేలు. మే నెలలో బకెట్ నీళ్లతో నడిపితే పవర్ తగ్గుతుంది, ట్యూబు ఆయుష్షూ తగ్గుతుంది. అలాగని ఐసు వేసి మరీ చల్లబరిస్తే, ఉక్కపోత గాలిలోని తేమ ట్యూబు మీద చెమటలా పడుతుంది. ట్యూబుకు అందే విద్యుత్తు వేల వోల్టులది కాబట్టి ఆ తడి గుండా స్పార్క్ కొట్టే అవకాశముంది. ఎర్తింగ్ సరిగా లేని పాత ఇంట్లో ఈ మెషీన్ పెట్టడం ప్రాణాంతకం. వానాకాలంలో ప్లై తేమ పీల్చి వంగుతుంది, ఒక మూల ఫోకస్ సరిపోతే ఇంకో మూల తప్పుతుంది. మధ్యలో కరెంటు పోతే, ఆగినచోటి నుంచి మళ్లీ మొదలుపెట్టే సదుపాయం కంట్రోలర్‌లో లేకుంటే షీటు పోయినట్టే.

ఏ పనులకు, ఎవరికి

బడుల్లో 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబుల పుణ్యమా అని 6 నుంచి 12 తరగతుల పిల్లల్లో కొందరికి 3డీ ప్రింటర్ పరిచయమే. అది పొర మీద పొర పోస్తుంది, చిన్న డబ్బాకు గంటలు పట్టవచ్చు. లేజర్ అదే డబ్బా ఆరు వైపులనూ నిమిషాల్లో కోసిస్తుంది. కాకపోతే దానికి తెలిసింది పలక ఒక్కటే, గుండ్రని వస్తువు దానివల్ల కాదు. పర్లాకిమిడి పేరు చెప్పగానే గుర్తొచ్చే కొమ్ము బొమ్మల పనికి లేజర్ ప్రత్యామ్నాయం కాలేకపోవడానికి ఇది మొదటి కారణం. కొంగ మెడ వంపును కొమ్ము సహజమైన వంపులోంచి తీయడం చేతికే వచ్చు. చదును చేసిన కొమ్ము పలక మీద పేరు చెక్కడం వరకు లేజర్ సాయపడగలదు. కొమ్ము కూడా వెంట్రుకలాగే కెరాటిన్ గనుక కాలిన వెంట్రుకల వాసనను మాత్రం భరించాలి.

ఒడిశాలోని లాంజియా సవర గిరిజనుల చిత్రాల సంగతి వేరు. సన్నని మనుషులు, చెట్లు, జంతువులతో నిండిన ఆ గోడబొమ్మలు లేజర్ చెక్కడానికి అతికినట్టు సరిపోతాయి కాబట్టి కాపీ కొట్టడం చాలా తేలిక. ఆ చిత్రకళకు 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. ప్లై మీద మెషీన్‌తో చెక్కినదాన్ని సవర చిత్రమన్న పేరుతో అమ్మితే అటు చట్టంతోనూ, ఇటు ఆ బొమ్మను పూజగా గీసే మనుషులతోనూ పేచీ వస్తుంది. అలంకారపు జాలీ, ముగ్గు అచ్చు, దేవుడి గది తలుపు డిజైన్, బడిపిల్లల ప్రాజెక్టు నమూనా వంటివాటికి ఆ సమస్య లేదు.

చిన్న పట్టణంలో రోజంతా మెషీన్‌ను నడిపించేంత పని మొదటి ఏడాదిలో దొరకడం కష్టం. ఖాళీగా ఉన్నా మెషీన్ మీది వడ్డీ ఆగదు, గాజు ట్యూబు కూడా కాలంతోపాటు బలం కోల్పోతుంది. అందువల్ల ఇంట్లో ఉన్న కంప్యూటర్‌లో ఫైలు చేసుకుని, బరంపురంలోనో విశాఖలోనో మెషీన్ ఉన్న షాపులో కూలికి కోయించుకునే దారి తక్కువ నష్టంతో నడుస్తుంది. అలా పంపే ఫైలుతో పాటు నాలుగు వాక్యాలు కూడా పంపాలి: షీటు యాక్రిలిక్, కొలిచిన మందం 2.8, ఎర్ర గీత కోత, నీలం చెక్కడం, కొలతలు మి.మీ.లో, పలక మొత్తం వెడల్పు 300; తలకట్లు, వత్తులు విడిగా వస్తాయి, ట్రేలో వెతికి అన్నీ పంపండి.